నవ్విన నాపచేను

సాహిత్య విమర్శ రాయడానికి నీకున్న అర్హత ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. బరంపురంలో బి.కాం. చదివాను. ముప్ఫయ్యేళ్లుగా బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. జమాఖర్చులు చూసినన్నిసార్లు కావ్యాలు చూడలేదు. అయితే ఒక్క పుస్తకాన్ని మాత్రం చిన్నప్పటినుంచి ఇప్పటివరకు ఏడెనిమిది సార్లు చదివి ఉంటాను. అది జాన్ బన్యన్ ఇంగ్లీషులో రాసిన 'యాత్రికుని ప్రయాణం'. అట్ట ఊడిపోయిన తెలుగు అనువాదం ఒకటి మా ఇంట్లో బైబిలు పక్కన ఉండేది. మా నాయనమ్మకు చదవడం రాదు. రాత్రి భోజనాలయ్యాక మా చేత చదివించుకుని వినేది. ఇంగ్లీషు మూలం నేను చదివింది ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు.

ఈ పుస్తకం గురించి చెప్పేవారు సాధారణంగా అందులోని యుద్ధాల గురించి, రాక్షసుల గురించి చెబుతారు. నేను ఒక చిన్న ఘట్టం గురించి మాత్రమే రాయదలచుకున్నాను. రెండు మూడు పేజీలకు మించదు. అందులో కత్తి లేదు, రాక్షసుడు లేడు. అందుకే పిల్లలం ఆ పేజీలు గబగబా తిప్పేసేవాళ్లం. యాభయ్యేళ్లు దాటాక చూస్తే పుస్తకమంతటిలో నన్ను భయపెట్టేది అదొక్కటే.

పాఠకుల్లో ఈ పుస్తకం చదవనివారు ఉంటారు కనుక కథ నాలుగు మాటల్లో చెబుతాను. పేర్లు నాకు తోచిన తెలుగులో పెడుతున్నాను. నాశనపురమనే ఊళ్లో క్రైస్తవుడు అనే మనిషి ఉంటాడు. వీపు మీద మూట, చేతిలో పుస్తకం. ఆ ఊరు తగలబడిపోతుందని పుస్తకంలో చదివి పరమపురానికి బయలుదేరతాడు. పొరుగువాళ్లు కొందరు వెక్కిరిస్తారు, కొందరు బెదిరిస్తారు. మొండయ్య, మెత్తయ్య అనే ఇద్దరు వెనక్కి లాక్కురావడానికి వెంటపడతారు. నిరాశ ఊబి, సిలువ, దీనత్వపు లోయ, వ్యర్థపురం సంత, సంశయ దుర్గం, చివర వంతెన లేని నది దాటి గమ్యం చేరతాడు. దారిలో అతనికి నమ్మకస్తుడు అనే సాటి యాత్రికుడు కలుస్తాడు. ఇద్దరూ నడుస్తూ తమ తమ అనుభవాలు చెప్పుకుంటారు. నేను చెప్పబోయే ఘట్టం నమ్మకస్తుడు చెప్పిన అనుభవం.

ముందు రచయిత గురించి కొంచెం తెలియాలి. బన్యన్ 1628లో ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ పట్టణం దగ్గర పుట్టాడు. వృత్తి గిన్నెలకు మాట్లు వేయడం. తండ్రిదీ అదే పని. చదువు అంతంత మాత్రం. లైసెన్సు లేకుండా ప్రసంగాలు చేస్తున్నాడని 1660 నవంబరులో పట్టుకుని జైల్లో పెట్టారు. మొదట వేసిన శిక్ష మూడు నెలలే. ఇక ప్రసంగించనని మాట ఇస్తే ఎప్పుడైనా ఇంటికి వెళ్లవచ్చు. అతను మాట ఇవ్వలేదు. మూడు నెలలు పన్నెండేళ్లయ్యాయి. 1661లో అతని భార్య ఎలిజబెత్ న్యాయమూర్తుల ముందు నిలబడి వాదించింది. నలుగురు చిన్నపిల్లలు, అందులో ఒకతె గుడ్డిది, పదిమంది దయ మీద బతుకుతున్నామని చెప్పుకుంది. మాథ్యూ హేల్ అనే న్యాయమూర్తి సానుభూతితో విన్నాడు గాని ఫలితం లేకపోయింది. బన్యన్ జైల్లో లేసుతాళ్లకు లోహపు కొసలు బిగించి, అవి అమ్మించి ఇల్లు గడిపాడు. 1672లో విడుదలయ్యాడు. 'యాత్రికుని ప్రయాణం' 1678లో అచ్చయింది. అందులో చాలా భాగం జైల్లోనే పుట్టిందని పండితుల అభిప్రాయం.

పదిహేడో శతాబ్దం, జైలు, పన్నెండేళ్లు అనగానే తెలుగువాడికి గుర్తొచ్చేది కంచర్ల గోపన్న. బన్యన్ విడుదలైన 1672లోనే గోల్కొండలో తానీషా గద్దెనెక్కాడు. రామదాసు చెరసాల వాసం కూడా పన్నెండేళ్లని మన సంప్రదాయం. ఇద్దరూ జైల్లో రాశారు. ఇద్దరి రాతా చదువురాని వాళ్ల నోళ్లలోకి వెళ్లింది. అయితే బ్యాంకు వాణ్ణి కదా, నాకు ఇద్దరి కేసులూ ఒకలా కనబడవు. గోపన్నది ప్రభుత్వ సొమ్ము లెక్క. ఆ పైకం జమ అయితే తప్ప తలుపు తెరుచుకోదు. కథ ప్రకారం రామలక్ష్మణులే వచ్చి జమ చేశారు. బన్యన్ జైలు తలుపుకు గడియ లోపలి వైపు ఉంది. ఒక్క మాట అంటే చాలు, తీసుకోవచ్చు. అంటే అతను ఒకసారి నిర్ణయించుకుని ఊరుకుంటే సరిపోలేదు. పన్నెండేళ్లపాటు రోజూ పొద్దున్నే లేచి ఆ గడియను చూసి, తీయకుండా ఉండాల్సి వచ్చింది. విధేయత అనే మాటకు అతని పుస్తకంలో ఉన్న అర్థం ఇదేనని నాకు తోస్తుంది. అది ఒకనాటి ఆవేశం కాదు, నడక. పుస్తకానికి ప్రయాణం అని పేరు పెట్టిందీ అందుకే కావచ్చు.

ఇప్పుడు ఆ ఘట్టం. దీనత్వపు లోయలో క్రైస్తవుడికి ఎదురైనవాడు అపొల్లుయోను. ఒంటినిండా చేప పొలుసులు, రెక్కలు, పొట్టలోంచి నిప్పు, పొగ. ఇద్దరూ సగం రోజు పోరాడతారు. అదే లోయలో నమ్మకస్తుడికి ఎదురైనవాడు మామూలు మనిషి. పేరు సిగ్గు. కొట్టడు, తిట్టడు, బెదిరించడు. పక్కన నడుస్తూ మాట్లాడతాడు, అంతే.

ఏమంటాడు? భక్తి అనేది మగవాడు చేయవలసిన పని కాదంటాడు. మనస్సాక్షి మరీ సున్నితంగా ఉండటం చేతగానితనమంటాడు. ప్రతి మాటకూ ప్రతి పనికీ తనను తాను కట్టేసుకునేవాణ్ణి చూసి లోకం నవ్వుతుందంటాడు. గొప్పవాళ్లు, డబ్బున్నవాళ్లు, తెలివైనవాళ్లు ఎంతమంది ఈ దారిలో ఉన్నారో లెక్కపెట్టుకోమంటాడు. ఉన్నవాళ్లు బీదవాళ్లు, శాస్త్రజ్ఞానం లేనివాళ్లని గుర్తుచేస్తాడు. ప్రసంగం విని ఏడవడం, ఇంటికొచ్చి నిట్టూర్చడం, చిన్న తప్పుకు పొరుగువాణ్ణి క్షమాపణ అడగడం, ఎవరిదైనా తీసుకుంటే తిరిగి ఇవ్వడం ఇవన్నీ నామోషీ అంటాడు. చివరికి, పెద్దవాళ్ల స్నేహం వదిలించి తక్కువవాళ్లను అన్నదమ్ములనిపించే మతం ఏం మతమంటాడు.

ఈ జాబితాలో ఒక్క బెదిరింపు లేదు. నీ మేలు కోరి చెబుతున్నానన్న ధోరణిలోనే అన్నీ ఉన్నాయి. నమ్మకస్తుడు దీనికి ఏం జవాబిచ్చాడు? మొదట ఏమీ ఇవ్వలేకపోయాడు. మొహంలోకి రక్తం పొంగుకొచ్చింది. వాడు దాదాపు గెలిచినంత పని చేశాడని తానే ఒప్పుకుంటాడు. తరువాత అతనికి ఒక ఆలోచన వస్తుంది. ఈ సిగ్గు మనుషులు ఏమంటారో చెబుతున్నాడు గాని దేవుడు ఏమంటాడో ఒక్క మాటైనా చెప్పలేదే అని. చివరి రోజున తీర్పు చెప్పేది ఈ నవ్వేవాళ్లు కాదు కదా అని. అయినా సిగ్గు వదల్లేదు. చెవిలో గుసగుసలాడుతూ వెంటే నడిచాడు. నమ్మకస్తుడు వాణ్ణి వాదంలో ఓడించలేదు. నీ మాట వినను పొమ్మని నడిచి, నడిచి, చివరికి విడిపించుకున్నాడు.

బన్యన్ ప్రతిభ ఇక్కడ నాకు రెండు చోట్ల కనబడుతుంది. మొదటిది పేరు. తాను కలుసుకున్నవాళ్లందరిలో పేరు తప్పుగా పెట్టింది వీడికేనంటాడు నమ్మకస్తుడు. మిగతావాళ్లు ఒకసారి కాదంటే పోయారు, వీడు మాత్రం సిగ్గులేకుండా వెంటపడ్డాడట. సిగ్గుకు సిగ్గు లేదనడం నవ్వు తెప్పించే మాట. కాస్త ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది. రెండవది, ఈ శత్రువు గొంతు బయటినుంచి వస్తోందో లోపలినుంచి వస్తోందో తెలియకుండా రాయడం. అపొల్లుయోను ఎదురుగా ఉన్నాడు కనుక కత్తి పనిచేసింది. చెవిలో ఉన్నవాడి మీద కత్తి ఎలా దూస్తాం?

మన సాహిత్యంలో నవ్వులపాలైనవారి కథలకు కొదవలేదు. అన్నిటికంటె పెద్దది సభాపర్వంలోని మయసభ. నేల అనుకుని నీళ్లలో పడిన దుర్యోధనుణ్ణి చూసి నవ్వారు. ఆ నవ్వు జూదం దాకా, జూదం కురుక్షేత్రం దాకా వెళ్లింది. దుర్యోధనుడు తనను నవ్వినవాళ్ల కళ్లతోనే చూసుకున్నాడు. వాళ్ల కళ్లు మూయిస్తే తప్ప తనకు బతుకు లేదనుకున్నాడు. నమ్మకస్తుడు కూడా అదే అవమానాన్ని పొందాడు, మొహం ఎర్రబడింది. అయితే తనను చూసే కన్ను ఇంకొకటి ఉందని గుర్తొచ్చింది. పగ అవసరం లేకపోయింది.

సిగ్గు చివరన చెప్పిన వాదం, తక్కువవాళ్లను అన్నదమ్ములనిపించే మతమనేది, ఇంగ్లండులో డబ్బుకూ హోదాకూ సంబంధించినది. మన దేశానికి వచ్చేసరికి దానికి కులం తోడయింది. ఒడిశా తెలుగువాళ్లం మరిచిపోకూడని పేరు పురుషోత్తమ చౌధరి. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన కవి. ఆయన కీర్తనలు ఈనాటికీ తెలుగు చర్చిలన్నిటా పాడుతున్నారు. అటు చివర గుర్రం జాషువా ఉన్నారు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న ఆ మహాకవిని పండిత సభల్లో చిన్నచూపు చూసినవారు పద్యం చూసి కాదు, పుట్టుక చూసి. ఒకరు పైనుంచి దిగివచ్చినందుకు, ఒకరు కిందనుంచి ఎక్కివచ్చినందుకు ఒకే సిగ్గు ఇద్దరి పక్కనా నడిచి ఉంటుంది.

ఇంతవరకు రాసింది పుస్తకం చదివి ఎవరైనా రాయగలిగిందే. నేను ఈ వ్యాసం ఎందుకు మొదలుపెట్టానో చెప్పాలి.

1999 మార్చి 31. ఊరు, బ్రాంచి అనవసరం. అప్పుడు నేను అక్కడ కొత్త ఆఫీసరుని. లెడ్జర్లన్నీ చేతిరాతే. డిపాజిట్ల టార్గెట్టుకు మూడు లక్షలు తక్కువపడ్డాయి. ఒక వ్యాపారి మర్నాడు ఉదయం మూడు లక్షలు తెచ్చి కడతానన్నాడు. ఆ డబ్బు ఈ రోజే వచ్చినట్టు రాసుకుంటే లెక్క సరిపోతుంది. మేనేజరుగారు క్యాషియరుగారిని స్క్రోలులో రాసి సంతకం పెట్టమన్నారు. ఆయన మాకంటె పెద్దవాడు, క్రైస్తవుడు. మధ్యాహ్నం క్యారియరు విప్పేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడని అందరూ పాదిరిగారు అనేవారు.

"లెక్కపెట్టిన డబ్బే రాస్తానండి," అన్నారాయన.

"రేపు పదింటికల్లా మీ చేతిలో పెడతారు కదండీ. ఒక్క రాత్రికి ఏం మునిగిపోతుంది?"

"అయితే రేపు పదింటికి రాస్తానండి."

ఎవరో అన్నారు, "మీ యేసుప్రభువేమైనా ఆడిట్‌కి వస్తున్నాడా పాదిరిగారూ?" బ్రాంచి మొత్తం నవ్వింది. ఏడాది చివరి రోజు, రాత్రి తొమ్మిది దాటింది, అందరం అలిసిపోయి ఉన్నాం, ఆ నవ్వు అందరికీ హాయిగా ఉంది. నేనూ నవ్వాను.

నా పేరు చూస్తే నేను క్రైస్తవుణ్ణని తెలియదు. ఆ బ్రాంచిలో నేను ఎవరికీ చెప్పుకోలేదు. ఆయనకొక్కడికే తెలుసు. అంతకు రెండు నెలల ముందు ఒక ఆదివారం చర్చిలో చూశారు. అది ఆయన ఎవరితోనూ అనలేదు. నేను నవ్వినప్పుడు ఒకసారి నావైపు చూసి, తల వంచి నోట్లు లెక్కపెట్టుకోసాగారు. చివరికి క్యాషు ఊసు లేకుండా ట్రాన్స్‌ఫర్ వోచర్లు రాసి, ఆఫీసరుగా నా చేత సంతకం పెట్టించారు. మర్నాడు వ్యాపారి డబ్బు తెచ్చాడు. ఎవరికీ పైసా నష్టం రాలేదు. బ్రాంచికి మంచి పేరొచ్చింది.

ఆ ఏడు ఏప్రిల్ 2 గుడ్‌ఫ్రైడే. ఆరాధనలో పేతురు కథ చదివారు. తోటలో సైనికుల ముందు కత్తి దూసిన పేతురు, ఆ రాత్రే చలిమంట దగ్గర ఒక పనిపిల్ల అడిగిన ప్రశ్నకు ఆయనెవరో నాకు తెలియదన్నాడు. అంతకుముందు ఎన్నిసార్లో విన్న కథ. ఆ పనిపిల్ల చేతిలో ఆయుధం లేదన్న సంగతి ఆ రోజే గమనించాను.

సిగ్గు ఘట్టాన్ని మళ్లీ తీసి చదివింది ఆ తరువాతే. చదివి, అందులో నేను నమ్మకస్తుణ్ణి కాదని తెలుసుకున్నాను. నా బొమ్మ కొన్ని పేజీల అవతల ఉంది. ఆ పాత్రను స్వలాభయ్య అందాం. మాటకారుల ఊరివాడు. అతని ముత్తాత పడవవాడట, మొహం ఒకవైపు పెట్టి పడవను ఇంకోవైపు నడిపేవాడట. స్వలాభయ్యకు భక్తి ఉంది. అయితే గాలికీ ప్రవాహానికీ ఎదురు వెళ్లడు. భక్తి వెండి చెప్పులు తొడుక్కుని, ఎండ చక్కగా కాస్తూ, జనం చప్పట్లు కొడుతున్నప్పుడు దానితో వీధిలో నడవడం అతనికి చాలా ఇష్టం. అతనితో చదువుకున్న స్నేహితులకు డబ్బు ప్రేమ, కూడబెట్టు వంటి పేర్లు పెట్టాడు బన్యన్. వీళ్లకు లెక్కలు నేర్పిన బడి, లాభాపేక్ష అనే సంత ఊళ్లో ఉందట. కామర్సు పట్టా పుచ్చుకున్నవాడు ఈ పేజీ చదివి నవ్వకుండా ఉండలేడు. నేను నవ్వలేకపోయాను.

ఇలా అంటే పుస్తకాన్ని గుడ్డిగా పొగుడుతున్నానని అనుకోవద్దు. ఇందులో నాకు మింగుడుపడని సంగతులున్నాయి. మొదటిది, ఇందులో నవ్వేవాళ్లంతా చెడ్డవాళ్లే. పేర్లే అలా పెట్టాక వాళ్లకు ఇంకో దారి లేదు. నిజ జీవితంలో నవ్వేవాళ్లు అలా ఉండరు. ఆ రోజు నవ్విన మా బ్రాంచివాళ్లలో, జీతం రోజున ప్యూను కూతురి పెళ్లికి చందా వేసుకున్నవాళ్లున్నారు. వాళ్లు దుర్మార్గులు కారు కనుకనే ఆ నవ్వుకు అంత బలం. ఇది బన్యన్ చూడలేదు, లేదా అతను ఎన్నుకున్న రూపకం చూడనివ్వలేదు.

రెండవది ఇంకా పెద్దది. ప్రయాణం మొదట్లో భార్యాపిల్లలు వెనక్కి రమ్మని ఏడుస్తుంటే క్రైస్తవుడు చెవుల్లో వేళ్లు పెట్టుకుని పరుగెత్తుతాడు. మా నాయనమ్మ అక్కడికి రాగానే "ఆపరా" అనేది. కాసేపాగి "సరే చదువు" అనేది. నవ్వుకు లొంగకపోవడం విధేయత అయితే, ఏడుపుకు లొంగకపోవడం కూడా విధేయతేనా? లోకం నవ్వే ప్రతివాడూ సత్యం మీద ఉన్నాడని కాదు కదా. మొండితనాన్ని చూసి కూడా లోకం నవ్వుతుంది, ఆ నవ్వు న్యాయమే కావచ్చు. మా క్యాషియరుగారి పట్టుదల వల్ల ఎవరూ పస్తులుండలేదు. బన్యన్ పట్టుదల వల్ల ఒక గుడ్డిపిల్ల తండ్రి లేకుండా పెరిగింది. ఈ రెంటినీ ఒకే త్రాసులో తూచలేం.

బన్యన్ పక్షాన చెప్పవలసింది ఒకటుంది. ఈ ప్రశ్న అతనికి తెలియనిది కాదు. జైల్లో ఉండగా 1666లో అచ్చువేసిన ఆత్మకథలో ఆ పిల్ల గురించి రాసిన చోట వీరుడి గొంతు ఎక్కడా వినిపించదు. సొంత ఇంటిని భార్యాపిల్లల నెత్తిమీద కూలదోస్తున్నవాడిలా తనను తాను చూసుకున్నాడు. 1684లో 'ప్రయాణం' రెండవ భాగం రాశాడు. అందులో ఆ భార్యే పిల్లల్ని వెంటబెట్టుకుని అదే దారిన బయలుదేరుతుంది. చెవుల్లో వేళ్లు పెట్టుకున్నవాడు వాళ్ల ఏడుపు మరిచిపోలేదన్నమాట.

వ్యర్థపురం సంత గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. ఇళ్లు, పదవులు, బిరుదులు, రాజ్యాలు అన్నీ అమ్మే సంత అది. యాత్రికులిద్దరూ అడుగుపెట్టగానే జనం మూడు కారణాలకు వింతగా చూస్తారు. వాళ్ల బట్టలు వేరు, సరుకు మీద వాళ్లకు ఆశ లేదు, వాళ్ల మాట ఎవరికీ అర్థం కాదు. వాళ్లు మాట్లాడేది కనాను భాష. భాషవల్ల నవ్వులపాలు కావడం ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ ఒడియావారి మధ్య మన తెలుగుకు ఒక నవ్వు, విశాఖపట్నం చుట్టాలింటికి వెళితే మన యాసకు ఇంకో నవ్వు. ఆ నవ్వు భయానికి ఇంట్లో పిల్లలతో తెలుగు మానేసినవాళ్లు మనందరికీ తెలుసు. వాళ్లను ఎవరూ కొట్టలేదు, నిషేధించలేదు. సిగ్గు పక్కన నడిచాడు, అంతే.

సంతలో వెక్కిరింత బురద చల్లడంగా, బురద బోనుగా, బోను న్యాయస్థానంగా మారుతుంది. జ్యూరీ పన్నెండుమందిలో మొదటివాడి పేరు గుడ్డివాడు. నమ్మకస్తుణ్ణి కొయ్యకు కట్టి కాల్చేస్తారు. నవ్విన నాపచేనే పండుతుందని మన సామెత. ఎంతో ధైర్యమిచ్చే సామెతే. అయితే అది పంట మాట ఇస్తుంది. ఈ రోజు నవ్వినవాళ్లు రేపు ముక్కున వేలేసుకుంటారన్న ఆశ మీద నిలబడుతుంది. నమ్మకస్తుడికి ఆ సుఖం దక్కలేదు. అతను చనిపోయేసరికి సంత నవ్వుతూనే ఉంది. అతని కోసం పైనుంచి రథం వచ్చిందని బన్యన్ రాశాడు గాని, దాన్ని సంతలోవాళ్లు చూశారని రాయలేదు.

ఈ పుస్తకానికీ అదే జరిగింది. అచ్చుకు ముందు స్నేహితులకు చూపిస్తే కొందరు వెయ్యమన్నారు, కొందరు వద్దన్నారు. కథల రూపంలో వేదాంతమా అని వాళ్ల సందేహం. అచ్చయ్యాక బీదవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు, చదువుకున్నవాళ్లలో చాలామంది చిన్నచూపు చూశారు. డాక్టర్ జాన్సన్ వంటివారు మెచ్చుకోకపోలేదు. కాని పద్దెనిమిదో శతాబ్దపు కవి విలియం కౌపర్ ఏం చేశాడో చూడండి. ఒక దీర్ఘ కవితలో బన్యన్‌ను ఎంతో ప్రేమగా పొగిడి, పేరు మాత్రం చెప్పలేదు. ఆ పేరు చెబితే చదివేవాళ్లు వెక్కిరిస్తారేమోనని చెప్పడం లేదని అక్కడే ఒప్పుకున్నాడు. సిగ్గును గురించి అంత గొప్పగా రాసినవాడి పేరు చెప్పడానికి అతన్ని ప్రేమించినవాడే సిగ్గుపడ్డాడు. 1830ల మొదట్లో మెకాలే వచ్చి, ఆ అర్ధశతాబ్దంలో సృజనశక్తి గల మనసులు రెండే రెండనీ, ఒకటి 'పారడైజ్ లాస్ట్' రాసిందనీ రెండోది ఈ పుస్తకం రాసిందనీ తీర్పు చెప్పేదాకా విద్వాంసుల్లో ఆ మొహమాటం పూర్తిగా పోలేదు. మాట్లు వేసేవాడు పోయి అప్పటికి దాదాపు నూట నలభయ్యేళ్లు.

రెండవ భాగంలో దీనత్వపు లోయ మళ్లీ వస్తుంది. అపొల్లుయోను నిప్పులు కక్కిన చోటు, సిగ్గు గుసగుసలాడిన చోటు అదే. ఈసారి అది పచ్చగా ఉంటుంది. పూలు, మేస్తున్న గొర్రెలు, చిరిగిన బట్టలతో పాడుకుంటున్న కాపరి పిల్లవాడు. ఆ చుట్టుపక్కల అంత సారవంతమైన నేల లేదని దారి చూపేవాడు చెబుతాడు. పంట పండింది. పండింది నమ్మకస్తుడి కోసం కాదు, వెనక వస్తున్న ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం. మన సామెతకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానం నేను చదవలేదు.

రెండవ భాగంలో రాక్షసులు చాలామంది చస్తారు. సంశయ దుర్గం కూలిపోతుంది, నిరాశ రాక్షసుడి తల తెగుతుంది. సిగ్గు చచ్చాడని మాత్రం ఎక్కడా లేదు. నాకిది మరపుగా తోచదు.

మా క్యాషియరుగారు ఎప్పుడో రిటైరయ్యారు. ఆ రాత్రి గురించి ఆయనతో నేనెప్పుడూ మాట్లాడలేదు. పొరుగువాణ్ణి క్షమాపణ అడగడం నామోషీ అని సిగ్గు చెప్పిన మాట ఇన్నేళ్లూ పాటించాను. ఈ వ్యాసం అచ్చయితే ఒక ప్రతి ఆయనకు పోస్టులో పంపుదామని మొదట అనుకున్నాను. రాస్తూ రాస్తూ ఇక్కడికొచ్చేసరికి, ఆ పోస్టు ఆలోచన కూడా వాడు చెవిలో చెప్పిందేనేమోనని అనుమానం వస్తోంది. ఆయన ఉండే ఊరు బరంపురానికి బస్సులో రెండు గంటలు.